తోడి గాంధారం, బేగడ మధ్యమం: రాతలో శ్రుతులు

విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో మా ఇంటికి వయొలిన్ నేర్చుకోవడానికి వచ్చే పిల్లల చేత తోడి రాగం స్వరాలు రాయించేటప్పుడు, ప్రతిసారీ నన్ను ఆలోచనలో పడవేసేది గాంధారమే. రాయడానికి “గ” అన్న అక్షరం ఒక్కటే ఉంది. శాస్త్రం దానిని సాధారణ గాంధారం అంటుంది. అయితే ఆ స్థానంలో వేలు కదలకుండా నిలిపితే తోడి పలకదు. రిషభం వైపు నుంచి లేచి మధ్యమం దాకా ఊగి వచ్చినప్పుడే అది తోడి గాంధారం అవుతుంది.

పియానో మెట్ల మధ్య దాగిన స్వరాలను కాగితం మీదికి తేవలసిన అవసరం మనకు మాత్రమే కలిగినది కాదు. 1885లో అలెగ్జాండర్ ఎల్లిస్ ఒక స్థాయిని, అంటే స నుంచి పై స దాకా ఉన్న దూరాన్ని, సెంట్లు అనే 1200 చిన్న భాగాలుగా విభజించి, ఏ రెండు స్వరాల మధ్య దూరాన్నయినా అంకెలలో చెప్పే వీలు కల్పించాడు. టర్కీ సంగీతజ్ఞులు స–రి వంటి నిండు అంతరాన్ని కోమాలు అనే తొమ్మిది చిన్న భాగాలుగా పంచి, ఒకటి, నాలుగు, ఐదు, ఎనిమిది కోమాల హెచ్చుతగ్గులకు విడివిడిగా గుర్తులు పెట్టుకున్నారు. అరబ్బు సంగీతంలో, స్వరాన్ని అర మెట్టు తగ్గించే ఫ్లాట్ గుర్తుకు అడ్డగీత గీస్తే అది సగం ఫ్లాట్. అమెరికా స్వరకర్త బెన్ జాన్‌స్టన్ రెండు స్వరాల కంపనాల మధ్య 81/80 నిష్పత్తికి, అంటే సుమారు 21.5 సెంట్ల తేడాకు, కూడిక, తీసివేత గుర్తులను వాడాడు. మన సాధారణ గాంధారానికి చెప్పే రెండు శ్రుతులు, అంటే సూక్ష్మ స్వరస్థానాలు, 32/27, 6/5, వీటి మధ్య ఉన్నది సరిగ్గా ఈ తేడాయే.

ఈ పద్ధతులన్నీ ఎంతో శ్రద్ధగా ఆలోచించి చేసినవి. వాటి మీద నాకు గౌరవముంది. కానీ అవి ముఖ్యంగా చెప్పేది స్వరం ఎంత ఎత్తున నిలుస్తుందో. తోడిలో మనం తెలుసుకోవలసింది స్వరం నిలిచే చోటు కాదు, నడిచే దారి.

సంగీత విద్వాంసుడు సుబ్బరామ దీక్షితులు గారు పట్టుకున్నది ఆ దారినే. 1904లో ఎట్టయపురంలో అచ్చయిన “సంగీత సంప్రదాయ ప్రదర్శిని”లో స్వరాక్షరాలు తెలుగులోనే ఉన్నాయి. వాటిపై కంపితానికి (స్వరాన్ని ఊపడం) అలల గీత, జారుకు (ఒక స్వరం నుంచి మరొకదానికి జారడం) ఏటవాలు గీత, స్ఫురితానికి (జంట స్వరంలో రెండోదాన్ని నొక్కి పలకడం) మూడు చుక్కలు, ఇలా ఒక్కొక్క గమకానికి, అంటే స్వరాన్ని కదిలించే తీరుకు, ఒక్కొక్క గుర్తు కనిపిస్తుంది. మన కృతులను పాశ్చాత్య లిపిలో ప్రకటించిన చిన్నస్వామి ముదలియారు గారి ప్రోద్బలం ఈ గ్రంథం వెనుక ఉన్నదని తలచుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది. ఐదు గీతల లిపిలో మన సంగీతాన్ని నిలపడానికి అంత పాటుపడిన మనిషే, మన అక్షరాలతో మరింత సూక్ష్మమైన రాత రావడానికీ తోడ్పడ్డాడు. ఈనాటి కృతుల పుస్తకాలు చాలావాటిలో ఆ గుర్తులు లేవు, వట్టి స్వరాలే మిగిలాయి. ఇది మనకు పెద్ద నష్టమని నా గట్టి అభిప్రాయం.

అయితే గమక చిహ్నాలు కూడా అన్నిటికీ చాలవు. బేగడ రాగంలోని మధ్యమం మామూలు శుద్ధ మధ్యమం కంటే ఒక పిసరు హెచ్చుగా పలకాలి. అలల గీత ఆ హెచ్చును చెప్పదు. అందుకని పిల్లల పుస్తకాలలో తోడి “గ” మీద కంపితం గీతను, బేగడ “మ” మీద పైకి చూసే చిన్న బాణం గుర్తును వేయిస్తున్నాను. ఆ బాణం ఎన్ని సెంట్లన్నది నేను రాయించను. పక్కన కూర్చుని వాయించి వినిపిస్తాను, వేలును ఎంత జరపాలో వాళ్లు తీగ మీదే తెలుసుకుంటారు.