వెరీ యూనిక్ జంపఖానా

లైటు తీసేసి పడుకున్నదాన్ని మళ్ళీ లేచి కూర్చున్నాను. "ఇంకా ఆ దర్రీ పంచాయితేనా?" అని ఈయన దుప్పటిలోంచే అడిగారు. అవును, అదే పంచాయితి.

చిన్నోడు మా చెల్లె కొడుకు, వాడికెప్పుడూ ఏదో ఒక వ్యాపారం ఆలోచన. ఈసారి వాళ్ల తాత నేసిన దర్రీలు, అదే జంపఖానాలు, ఆన్‌లైన్‌లో అమ్ముతాడట. పోయినసారి వచ్చిన కోళ్లఫారం ఆలోచన కన్నా వెయ్యి రెట్లు నయం కాబట్టి నేనూ సై అన్నాను. పొద్దున పోపు వేస్తుంటే ఫోను. "పెద్దమ్మా, ఇంగ్లీషుల నాలుగు ముక్కలు రాసి వాట్సాప్ చేసిన, జర చూడరాదు."

చూశాను. వెరీ యూనిక్ దర్రీ. మోస్ట్ యూనిక్ కలర్స్. యూనిక్ క్వాలిటీ. చివర్న హండ్రెడ్ పర్సెంట్ యూనిక్ కాటన్. మిగతావి ఎట్లాగో మింగుదాం, నూలు యూనిక్ ఏంటి? ఎక్కడి నూలైనా నూలే కదా.

ఫోన్ చేసి చెప్పాను. యూనిక్ అంటే అలాంటిది ఇంకోటి లేదని అర్థం రా, దానికి ముందు వెరీ తగిలిస్తే ఏమొస్తది, ఉన్నదే ఒక్కటైతే అది మరీ ఒక్కటి ఎట్లయితది అని. వాడు ఓపిగ్గా విన్నాడు. "అయితే వేరే మాట చెప్పు" అన్నాడు. పోపు మాడిన వాసన వస్తోంది, తర్వాత చెప్తానని పెట్టేశాను.

వాడికి తర్వాత అనే మాట నచ్చదు. యూనిక్‌కు బదులు ఏమేం వాడొచ్చో ఫోన్‌లో వెతికి, దొరికినవన్నీ దొరికిన చోటల్లా అతికించి గంటలో పంపాడు. పీర్‌లెస్ దర్రీ. సోల్ డిజైన్. అన్‌ప్రిసిడెంటెడ్ కాటన్. ఇనిమిటబుల్ సైజ్, ఫోర్ బై సిక్స్.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈయన మాత్రం పేపర్ పక్కన పెట్టి మరీ నవ్వారు. సోల్ డిజైన్ అంటే చెప్పుల అట్ట అనుకుంటారు కొనేవాళ్ళు. సోల్ అనేది సర్వైవర్ ముందు ఉంటుంది, ప్రొప్రైటర్ ముందు ఉంటుంది, ఇంటిల్లిపాదినీ పోషించే ఒక్కరిని చెప్పాలంటే బ్రెడ్‌విన్నర్ ముందు ఉంటుంది. మిగతావాళ్ళు లేరు, భారమంతా ఈ ఒక్కరి మీదే ఉంది అన్న బరువు అందులో ఉంది. జంపఖానా మీద ఏం భారం? అన్‌ప్రిసిడెంటెడ్, అంటే మునుపెన్నడూ లేనిది అయితే జరిగే వాటికి. వరదలకు, సంక్షోభానికి, ధరలు పెరగడానికి. పత్తి జరగదు కదా! ఇక ఇనిమిటబుల్, అంటే ఎవరూ అనుకరించలేనిది. అది మనిషి తీరుకు వాడేది, దాదాపుగా స్టైల్ అన్న మాట పక్కన తప్ప కనపడదు. ఎవరో ఒకాయన తనదైన ఇనిమిటబుల్ స్టైల్‌లో మాట్లాడారంటారు. నాలుగడుగుల ఆరడుగుల కొలతను టేపు చేతిలో ఉన్న ఎవరైనా ఇమిటేట్ చేస్తారు.

ఇదంతా వాయిస్ మెసేజ్‌లో చెప్పాను. వాడి జవాబు: "అన్నింటికీ మీనింగ్ ఒక్కటే ఉన్నది గద పెద్దమ్మా, ఫోన్ల అట్లనే చూపిస్తున్నది."

ఇక్కడే నాకు కాలింది. అర్థం ఒక్కటైతే పక్కన ఏది పెట్టినా అతుకుతుందా? మీ అమ్మకు నువ్వు ఒక్కగానొక్క కొడుకువి అంటం. మీ ఊరి బస్సు పోతే ఒక్కగానొక్క బస్సు పోయిందంటమా, ఉన్న ఒక్క బస్సూ పాయె అంటం. అట్లనే వాళ్ళకూ ఉంటది రా అన్నాను. "అది కరెక్టే" అని ఒక బొటనవేలు బొమ్మ పంపాడు. నా అంత పెద్ద ఉపన్యాసానికి ఒక బొటనవేలు.

ఈ మాటల జతల మీద ఫర్త్ అనే ఇంగ్లండు భాషా పండితుడు గట్టిగా పట్టుబట్టాడు. ఏ మాటైనా దాని సావాసాన్ని బట్టే తెలుస్తుందని 1957లో రాశాడు. ఆయన 1937లో మన దేశం వచ్చి గుజరాతీతో పాటు తెలుగు మీద కూడా పనిచేసి వెళ్ళినవాడే. ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారన్న మన సామెత ఆయన చెవిన పడిందో లేదో మరి. యూనిక్ 17వ శతాబ్దం మొదట్లోనే ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చి, ఇన్నేళ్ళ సావాసంలో కొందరిని బాగా అలవాటు చేసుకుంది. ఆపర్చ్యూనిటీ, పొజిషన్, బ్లెండ్, ఫీచర్. ఇవన్నీ దానికి ఇంటి మనుషుల్లాంటివి. మన దేశంలో మాత్రం ఈ మాట ఇంటింటికీ వచ్చింది ఐడెంటిఫికేషన్‌ను వెంటేసుకుని. 2009లో పెట్టిన ఆధార్ సంస్థ పేరులోనే ఉంది కదా, యూనిక్ ఐడెంటిఫికేషన్ అథారిటీ అని.

ఆ జత తలుచుకుంటే నాకు మా బాపమ్మ వేళ్ళే కళ్ళ ముందుకొస్తాయి.

బాపమ్మ బీడీలు చేసేది. పెళ్లయి వచ్చిన కొత్తలో మొదలుపెట్టి, కళ్ళు మసకబారేదాకా చేసింది. చాట ఒళ్ళో పెట్టుకుని, తడిపిన తునికాకును కత్తెరతో కత్తిరించి, తంబాకు పోసి, రెండు చేతుల వేళ్ళ మధ్య ఒక్క చుట్టు. కొన గోటితో నొక్కి, దారం కట్టి, పక్కన పడేసేది. మాటలు ఆగేవి కాదు, చెయ్యి ఆగేది కాదు. ఆ వేలి కొనలు ఎట్లా ఉండేవంటే, నున్నగా, గట్టిగా, కాస్త మెరుస్తూ. నాకు తల దువ్వేటప్పుడు ఆ నున్నదనం నుదుటికి తగిలేది, పొగాకు వాసనతో సహా.

ఆధార్ తీసే చోటికి నేనే తీసుకుపోయాను. పెద్ద లైను. చెట్టు కింద బండ మీద కూర్చోబెట్టి నేను లైన్లో నిలబడ్డాను. లోపల ఒక పిల్లగాడు, మహా అయితే ఇరవై ఏళ్ళుంటాయి, "అమ్మా, వేలు పెట్టు" అన్నాడు. పెట్టింది. మిషన్ తీసుకోలేదు. "గట్టిగ ఒత్తమ్మా." ఒత్తింది. తీసుకోలేదు. తడిబట్టతో తుడిచాడు, తర్వాత కొంగుతో నేను తుడిచాను, తర్వాత ఇంకో వేలన్నాడు. "ఇంకెంత ఒత్తాలె బిడ్డా, ఎముక ఇరుగుతది" అంది బాపమ్మ. వెనక లైన్లో వాళ్ళు గొణగడం మొదలైంది. ఆ పిల్లగాడు నా వైపు తిరిగి, ఆమె వినదన్నట్టు, "ఈమెకు గీతలు లేవు మేడం" అన్నాడు.

గీతలు లేవు. ప్రతి మనిషి వేలిముద్రా వేరు, ఒకరిది ఇంకొకరికి కలవదు అని గోడ మీద కాగితం అంటించి ఉంది. ఆ కాగితం కిందే కూర్చోబెట్టి ఈమెకు ముద్రే లేదన్నాడు. కనుపాపలు కూడా తీస్తారు కాబట్టి చివరికి పని అయింది. కళ్ళు పెద్దవి చేయమంటే, ఒక కంటికి ఆపరేషన్ అయిన మనిషి, రెండు చేతులతో రెప్పలు పట్టుకుని మిషన్‌లోకి చూసింది. పన్నెండంకెల నంబరు వచ్చింది. కార్డు చేతికొచ్చాక దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఫొటో మంచిగ పడలె" అంది, అంతే. కోపమంతా నాదే, ఆమెకు లేదు. పింఛను కోసం వేలు పెట్టాల్సి వచ్చినప్పుడల్లా మళ్ళీ అదే కథ, మళ్ళీ అదే తడిబట్ట. ఇప్పుడు ఆ వేళ్ళూ లేవు, ఆ మనిషీ లేదు. కార్డు మాత్రం మా బాపు బీరువాలో బట్టల కింద ఉంది.

ఎక్కడికో వెళ్ళిపోయాను. దర్రీ.

మధ్యాహ్నం ఈయన తిని చెయ్యి కడుక్కుంటూ, "వాడేదో రాసుకుంటాడు, నీకెందుకు? కొనేటోళ్ళు రేటు చూస్తరు, ఇంగ్లీషు చూడరు" అన్నారు. ఆ మాటకు వచ్చిన కోపంతో, నా మాటే నెగ్గాలని, పెద్దవాళ్ళు యూనిక్‌ను ఎట్లా వాడతారో చూపిద్దామని వెతకడం మొదలుపెట్టాను. మనకు దగ్గర్లో అంతటి పెద్ద మాట పడ్డది రామప్పకే కదా. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. యునెస్కో వాళ్ళ ప్రమాణాలు పది, అందులో మొదటిదాని కిందా మూడోదాని కిందా మన రామప్పను తీసుకున్నారు. ఆ మూడోదాన్ని చదివితే నా నోట మాట రాలేదు. ఒక సంస్కృతికి, ఒక నాగరికతకు 'ఎ యూనిక్ ఆర్ ఎట్ లీస్ట్ ఎక్సెప్షనల్ టెస్టిమొనీ' అయి ఉండాలట. యూనిక్ కాకపోతే కనీసం ఎక్సెప్షనల్ అయినా చాలట! అంతటి వాళ్ళే పక్కన కొంచెం జాగా వదులుకున్నారు. లోకంలో ఇంకోటి లేదు అని సంతకం పెట్టే ముందు ఎవరికైనా చెయ్యి కాస్త వణుకుతుంది కాబోలు.

అప్పుడు పొద్దున వాడి మీద చూపించిన పెత్తనం నాకే కొంచెం ఎక్కువనిపించింది. ఆల్మోస్ట్ యూనిక్ అని ఇంగ్లీషు వాళ్ళు హాయిగా అంటారు, ట్రూలీ యూనిక్ అంటారు, ఎవరూ కర్ర పట్టుకుని రారు. వెరీ అంటే మాత్రం వ్యాకరణం వాళ్ళు మూతి ముడుస్తారు, వినీ వినీ అదీ అలవాటైపోతోంది. ఇంకో సంగతి కూడా దొరికింది. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్, వచ్చింది కదా, ఆ దరఖాస్తుల్లో యూనిక్‌నెస్ అనే శీర్షిక ఒకటి ఉంటుంది, తప్పకుండా నింపాల్సిందే. అక్కడ యూనిక్ అనేది ఒక జంపఖానాకు చెందదు. ఊరికి, నేతకు, చేసే పద్ధతికి చెందుతుంది. అంటే వరంగల్ నేత యూనిక్ అంటే ఎవరూ కాదనరు. ఈ ఒక్క ముక్కను చెప్పాలంటే వన్ ఆఫ్ ఎ కైండ్ పీస్ అనాలి, కానీ అదే డిజైన్‌వి ఇంట్లో కట్ట కట్టి ఉంటే ఆ మాట అబద్ధం. చిన్నోడి యూనిక్ తప్పు కాదు, దాన్ని తీసుకుపోయి నూలు పక్కన కూర్చోబెట్టడమే తప్పు. వీవింగ్ ట్రెడిషన్ పక్కన పెడితే కుదురుగా కూర్చుంటుంది. ఇది ఈయనకు చెప్పలేదు.

సాయంత్రం చెల్లె వాళ్ళుండే కొత్తవాడ పోయాను, సరుకును కళ్ళారా చూసి రాద్దామని. చెల్లె చాయ్ పెట్టింది. చిన్నోడు వాకిట్లో దర్రీ పరిచి ఫొటోలు తీస్తున్నాడు. ఎరుపు, ముదురు నీలం పట్టీలు, మధ్యలో తెల్లటి మెట్ల డిజైను, అంచున కుచ్చులు ఒక్కొక్కటీ చేత్తో ముడివేసినవి. చెప్పులు విడిచి దాని మీద కూర్చున్నాను. కొత్త నూలు బిరుసు అరికాలికి గుచ్చుకుంటుంటే బాగుంది.

ఒక మూల మాత్రం మడిచి పెట్టాడు. ఎందుకురా అంటే, "అక్కడ మిస్టేకున్నది" అన్నాడు. విప్పి చూశాను. ఎరుపు పట్టీలో ఒక బెత్తెడు మేర రంగు ముదురు, దాదాపు దానిమ్మ గింజ రంగు. మగ్గం గుంటలో కూర్చున్న పెద్దాయనను అడిగితే తల ఎత్తకుండానే చెప్పారు: "అద్దిన నూలు ఒడిసింది. మళ్ళ కలిపితే గింత ముదురొచ్చింది. ఏం జేత్తం." ఆ కట్టలో ఇలాంటి బెత్తెడు ఉన్నది ఈ ఒక్కదాంట్లోనే. పొద్దుటి నుంచి వాడు యూనిక్ యూనిక్ అని మొత్తుకుంటున్నాడు, ఆ మాట నిజంగా అతికే చోటు అదొక్కటే, దాన్నే మడిచి కింద పెట్టాడు! అదే ఫొటో తీసి వన్ ఆఫ్ ఎ కైండ్ అని రాయమన్నాను.

"డ్యామేజ్ అనుకోని వాపస్ పంపుతరు పెద్దమ్మా. పోను రాను పార్సిల్ చార్జీలు ఎవరు కడ్తరు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. దారి పొడుగునా ఆటోలో అదే ఆలోచించాను. పంపితే పంపనీ అని ఒకసారి, వాడి డబ్బులు కదా నీదేం పోయిందని ఒకసారి. ఇప్పటికీ తేలలేదు. రాసి పంపిన దాంట్లో మాత్రం వరంగల్ నేత దగ్గర ఒక్క యూనిక్ ఉంచి, మిగతా చోట్ల కొలతలు, రంగులు, చేతి మగ్గం అని పెట్టాను. పీర్‌లెస్‌ను తీసేస్తుంటే వాడు బాధపడ్డాడు. ఆ మాట వాడికెందుకో బాగా నచ్చింది.

పడుకోబోతుంటే మళ్ళీ మెసేజ్. మొదటి కస్టమర్ వచ్చాడట, బెంగళూరు నుంచి. ఈజ్ ఇట్ కలర్ ఫాస్ట్ అని అడిగాడట. రంగు వెలవకుండా నిలుస్తుందా అని ఆయన అడిగింది. మనవాడు నన్ను అడగకుండానే జవాబిచ్చేసి, ఆ తర్వాత నాకు పంపాడు.

"నో సర్. నాట్ ఫాస్ట్. వెరీ వెరీ స్లో."