నేరం చేయలేదని ప్రమాణం చేసి సంపాదించుకున్న ఉద్యోగం

మాంద్యం పేరుతో మా బృందం మొత్తాన్ని తీసేసిన తరువాత, ఏడాదికి పైగా ఖాళీగా ఉండి, గత వారమే బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఒక కంపెనీలో చేరాను. పాత చోట లెక్క తేల్చుకోవడం, రిలీవింగ్ లెటరు తెచ్చుకోవడం సాఫీగానే జరిగాయి. కొత్త చోట సాంకేతిక రౌండ్లలో నన్ను తడబడేలా చేసిన ప్రశ్న ఒక్కటీ లేదని గర్వంగానే చెప్పుకుంటాను.

అసలు అవమానం హెచ్.ఆర్. దగ్గర మొదలైంది. నా పాత పేస్లిప్ చూసి, మధ్యలో గ్యాప్ ఉన్నది కనుక అంతకంటే తక్కువకే ఒప్పుకోవాలన్నారు. ఒప్పుకున్నాక గ్యాప్ అఫిడవిట్ తెమ్మన్నారు. ఆ కాలంలో నేను ఎక్కడా ఉద్యోగం చేయలేదనీ, ఏ నేర కార్యకలాపాలలోనూ పాల్గొనలేదనీ స్టాంపు కాగితం మీద ప్రమాణం చేసి నోటరీ చేయించాలట. తీసేసింది కంపెనీ అయితే, నిర్దోషినని నిరూపించుకోవలసింది నేనా? నోటరీ దగ్గర టైపు చేసే కుర్రాడు నన్ను చూడగానే "కెలస హోయ్తా సార్?" (ఉద్యోగం పోయిందా సార్?) అని కన్నడంలో అడిగి, ముందే సిద్ధంగా ఉన్న నమూనా తెరిచాడు. నాకంటే ముందు వచ్చినవారి పేరు ఇంకా అందులోనే ఉంది. దాన్ని చెరిపి నా పేరు, తేదీలు కొట్టాడు.

ఉద్యోగం దొరికితే నష్టం తీరిపోతుందనేవారు ఒక సంగతి గమనించాలి. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఉద్యోగాలు పోయిన సీనియర్ కార్మికుల మీద 1993లో వెలువడిన అధ్యయనం, వారి సంపాదన ఏళ్లు గడిచినా సుమారు 25 శాతం తక్కువగానే ఉండిపోయిందని తేల్చింది. పాత జీతం కంటే తక్కువకు చేరినవాడికి తరువాతి జీతం పెంపులన్నీ ఆ తక్కువ మీదే లెక్క కడతారు.

పీఎఫ్ విషయంలో మాత్రం, పెన్షన్‌తో సహా అంతా తీసేసుకోమనే స్నేహితుల మాట వినకండి. డబ్బు అవసరమైతే పీఎఫ్ తీసుకోండి కానీ, పదేళ్ల సర్వీసు నిండనివారు ఫారం 10సి పెట్టి పీఎఫ్‌తో పాటు జమయ్యే పెన్షన్ సొమ్ము తీసేసుకుంటే అంతవరకు చేసిన సర్వీసు పెన్షన్ లెక్కలోంచి పోతుంది. పెన్షన్ లెక్కలో జీతానికి పెట్టిన 15,000 రూపాయల పరిమితిని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు కనుక, ఖాళీగా ఉన్న ఒక్క ఏడాదికే నెలకు సుమారు 214 రూపాయల పెన్షన్ ఎలాగూ తగ్గింది. ఎనిమిదేళ్ల సర్వీసును నేను ముట్టుకోలేదు; కొత్త కంపెనీకి పాత యూఏఎన్ నంబరే (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబరు) ఇచ్చాను. అఫిడవిట్ ఖర్చు ఎవరిస్తారని హెచ్.ఆర్.కు మెయిల్ కూడా పెట్టాను.