గురుడి నీడలోంచి అయో

ఊరి దీపాల వెలుగు అందని చోటు వెతుక్కుంటూ రెండు గంటలు ప్రయాణం చేసి కొండ మీదికి చేరేసరికి పొద్దు వాలిపోయింది. నేనూ, అక్కా, మా 6 అంగుళాల టెలిస్కోపు. దిగగానే దాన్ని ఆరుబయట పెట్టి వదిలేశాం. కారులో వెచ్చబడిన అద్దం చల్లారాలి. లేదంటే గ్రహం నీళ్ళ అడుగున ఉన్నట్టు వణుకుతూ కనపడుతుంది.

ఆ అరగంటా పడమటి దిక్కే చూశాం. శుక్రుడు, దగ్గర్లోనే సన్నని నెలవంక. వంకలో ఎండ పడని భాగం కూడా బూడిద రంగులో లీలగా తెలుస్తోంది. భూమి మీద పడ్డ ఎండే వెనక్కి వెళ్ళి చంద్రుణ్ణి అలా వెలిగిస్తుంది. నాకు నిండు పున్నమి కంటే ఇదే ఇష్టం. శని సూర్యుడికి మరీ దగ్గరగా ఉన్న రోజులు కాబట్టి ఉంగరాలు చూసే వీల్లేదు. అక్కకి అదొక్కటే వెలితి.

గురుడు మాత్రం మిథున రాశిలో, దాదాపు నడినెత్తిన ఉన్నాడు. అక్క కన్ను పెట్టి, "నాలుగు చందమామలన్నావు, మూడే ఉన్నాయేంట్రా?" అంది.

1610 జనవరిలో గెలీలియోకీ మొదటి రాత్రి మూడే కనపడ్డాయి. మాకు కనపడని ఆ నాలుగో చందమామ పేరు అయో. అది గురుడి వెనక్కి వెళ్ళి, అటు నుంచి అటే ఆయన నీడలో ఉండిపోయింది. నీడ పక్కకి పడుతోంది కాబట్టి అయో గురుడి అంచున కాకుండా, కాస్త ఎడంగా ఉత్త చీకట్లోంచి బయటికి రావాలి. గ్రహణాల వేళల పట్టికలో అది బయటికొచ్చే సమయం 9.42. మా టెలిస్కోపులో తూర్పు పడమరలు తారుమారవుతాయి, అందుకని ఎటు చూడాలో రెండుసార్లు సరిచూసుకున్నాను. మబ్బు పడుతుందేమోనని ఒకటే టెన్షన్.

9.43కి అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఏదో ఉందిరా... ఉంది!"

నేను చూసేసరికి గురుడి బింబానికి దాని వెడల్పులో సగమంత దూరాన ఒక నలుసు. మూడు నాలుగు నిమిషాల్లో అది మిగతా మూడింటి సరసన నిలిచే చుక్క అయింది. అయో 42 గంటల 28 నిమిషాలకోసారి గురుణ్ణి చుట్టి వస్తుంది. భూమి గురుడికి దగ్గరవుతూ, దూరమవుతూ ఉంటే ఇలాంటి గ్రహణాల వేళలు లెక్క కన్నా ముందూ వెనకా కావడం గమనించే, 1676లో రోమర్ అనే ఖగోళ శాస్త్రవేత్త వెలుగు ప్రయాణానికి సమయం పడుతుందని చెప్పాడు. ఆ రాత్రి గురుడి నుంచి మా కంటికి చేరడానికి వెలుగుకి దాదాపు 40 నిమిషాలు పట్టింది. అంటే మేము ఇంకా మబ్బుల గురించి బెంగపడుతున్నప్పుడే అక్కడ అయో బయటికి వచ్చేసింది. అది చెబితే అక్క చాలాసేపు మాట్లాడలేదు.

గంట తర్వాత మళ్ళీ చూస్తే అయోకీ గురుడికీ మధ్య ఎడం దాదాపు రెట్టింపయింది. గొట్టం మీద మంచు తడి పట్టింది. నేను మూత బిగించబోతుంటే అక్క, "ఉండరా, ఇంకొక్కసారి" అని వంగింది.