లాటరీ కథ, సీనియర్ల పీడీఎఫ్, నా నెట్ ప్రిపరేషన్

హాయ్ ఫ్రెండ్స్, ఇంగ్లీష్ లిటరేచర్ నెట్ (కాలేజీలో పాఠాలు చెప్పడానికి కావాల్సిన యూజీసీ అర్హత పరీక్ష) రెండో అటెంప్ట్‌లో క్వాలిఫై అయ్యాను. జేఆర్ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) రాలేదు, అసిస్టెంట్ ప్రొఫెసర్ వరకే. టైమ్‌టేబుల్ చెప్పమని చాలామంది అడుగుతున్నారు కానీ నిజం చెప్పాలంటే నాకు టైమ్‌టేబులే లేదు, మధ్యాహ్నం దాకా పార్ట్‌టైం క్లాసులు చెప్పుకోవడం, ఇంటికొచ్చాక ఎంత ఓపికుంటే అంత చదవడం. అందుకే ఒక్క కథ దగ్గర నేను ఎలా దెబ్బతిన్నానో చెప్తా, నా ప్రిపరేషన్ మారింది అక్కడే.

మా బ్యాచ్‌లో ఒక నోట్స్ తిరిగేది. ఎవరు రాశారో ఎవరికీ తెలీదు. సీనియర్ల చేతులు మారుతూ జిరాక్స్ మీద జిరాక్స్ అయ్యి చివరికి ఎవరో ఫోన్‌తో స్కాన్ చేసి పీడీఎఫ్ చేశారు, కొన్ని పేజీల్లో సగం లైన్లు కనపడవు కూడా. అందులో అమెరికన్ రచయిత్రి షర్లీ జాక్సన్ కథ "ద లాటరీ"కి మొత్తం రెండు లైన్లు. 1948, న్యూయార్కర్ పత్రిక, థీమ్ గుడ్డి ఆచారం, ఆచారాన్ని ఎదిరించిన స్త్రీ టెస్సీ హచిన్సన్, అంతే. నేనూ బట్టీ కొట్టేసా. తర్వాత ఒక మాక్ టెస్ట్‌లో అసర్షన్ రీజన్ ప్రశ్న (ఒక వాక్యం, దానికో కారణం ఇచ్చి కరెక్టో కాదో అడిగేది) వచ్చింది, టెస్సీ మొదట్నుంచీ లాటరీని వ్యతిరేకిస్తుంది అని. కళ్ళు మూసుకుని కరెక్ట్ అని పెట్టా. తప్పు. తమాషా ఏంటంటే మా నలుగురిదీ అదే తప్పు, ఎందుకంటే నలుగురిదీ అదే పీడీఎఫ్.

ఆ రాత్రి కోపంతో అసలు కథ తెరిచా. అరగంట కూడా పట్టలేదు. అరగంట కథని ఏడాదిపాటు చదవకుండా రెండు లైన్లతో నెట్టుకొచ్చానన్నమాట.

చదవనివాళ్ళ కోసం చెప్తున్నా. అమెరికాలో 300 మంది ఉండే చిన్న ఊరు, జూన్ 27 పొద్దున 10 గంటలకి అందరూ పోస్టాఫీసుకీ బ్యాంకుకీ మధ్యనున్న ఖాళీ జాగాలో చేరతారు. మధ్యాహ్నం భోజనం టైముకి ఇళ్ళకి వెళ్ళిపోవచ్చు, రెండు గంటల్లోపే పని. ముందు ఇంటి పెద్దలు చీటీ తీస్తారు, ఏ ఇంటికి పడిందో ఆ ఇంట్లో మనుషులందరూ మళ్ళీ తీస్తారు, నల్ల మచ్చ ఎవరికొస్తే వాళ్ళని ఊరంతా కలిసి రాళ్ళతో కొట్టి చంపుతారు. పెళ్ళైన కూతుళ్ళు మాత్రం అత్తారింటి లెక్క.

టెస్సీ ఆ రోజు లేటుగా వస్తుంది, గిన్నెలు కడుక్కుంటూ ఏ రోజో మర్చిపోయానని జోకేస్తుంది, అందరూ నవ్వుతారు. మొగుడి పేరు పిలిస్తే వెళ్ళు వెళ్ళు అని తనే తోలుతుంది. తమ ఇంటికి చీటీ పడ్డాకే అన్యాయం అని అరవడం మొదలవుతుంది, అది కూడా మొగుడికి టైమ్ ఇవ్వలేదని! లాటరీ తప్పని ఒక్క మాట ఉండదు. ఇంకా ఘోరం ఏంటంటే పెళ్ళైన కూతురు ఈవాని, అల్లుడు డాన్‌ని కూడా చీటీ తియ్యమనండి అంటుంది. కన్నకూతుర్ని లోపలికి లాగితే తన మీద పడే అవకాశం కాస్త తగ్గుతుందని. నేను ఆ లైన్ దగ్గర ఆగిపోయా. ఈవిడా ఎదిరించిన స్త్రీ?

తన చీటీ ఖాళీ అని తెలిసి టెస్సీ చిన్న కూతురు నాన్సీ నవ్వుతుంది, అన్న బిల్ జూనియర్ నవ్వుతాడు, పక్కన అమ్మానాన్నల చీటీలు ఇంకా తెరవలేదు. చివరికి నల్ల మచ్చ టెస్సీకే వస్తుంది. పొద్దున టెస్సీతో కబుర్లాడిన మిసెస్ డెలక్రా రెండు చేతులతో ఎత్తాల్సినంత రాయి ఏరుకుంటుంది. టెస్సీ చిన్న కొడుకు డేవీ చేతిలో ఎవరో గులకరాళ్ళు పెడతారు, సొంత అమ్మ మీదకి. ఎవరో అని మాత్రమే ఉంటుంది, పేరు ఉండదు. మా నానమ్మది మెదక్ వైపు, బాణామతి చేస్తున్నాడని అనుమానం వస్తే మనుషుల్ని పట్టుకుని పళ్ళు పీకేవాళ్ళని చెప్పేది, ఎవరు పీకారు నానమ్మా అంటే ఊరోళ్ళు అనేది, ఒక్క పేరు కూడా చెప్పేది కాదు. ఆ "ఎవరో" చదివినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది.

ఎగ్జామ్‌కి పనికొచ్చేవి కూడా చెప్తా. లాటరీ నడిపించేది మిస్టర్ సమ్మర్స్, బొగ్గు వ్యాపారి, పక్కనుండేది పోస్ట్‌మాస్టర్ గ్రేవ్స్ (పేరు చూడండి, సమాధులు!). డెలక్రా అంటే ఫ్రెంచ్‌లో శిలువకి చెందిన అని. పక్క ఊళ్ళో లాటరీ మానేద్దామంటున్నారంటే పిచ్చి మూక అని తిట్టేది ఓల్డ్ మాన్ వార్నర్, ఆయనకిది 77వ లాటరీ. కథనం మొత్తం థర్డ్ పర్సన్, బయట నిలబడి చూసినట్టు, ఎవరి మనసులోకీ పెద్దగా వెళ్ళదు, అందుకే చివరిదాకా ఊరి సంబరం చదువుతున్నట్టే ఉంటుంది. చీటీలు వేసే అసలు పెట్టె ఎప్పుడో పోయింది, మంత్రాలూ తంతులూ చాలావరకు మర్చిపోయారు, రాళ్ళు మాత్రం మర్చిపోలేదు. (మా పీడీఎఫ్ గుర్తొచ్చి నవ్వొచ్చింది.) బలిపశువు థియరీకి (ఊరి కష్టం పోవాలని ఒకర్ని బలివ్వడం) ఫ్రేజర్ "ద గోల్డెన్ బౌ" 1890, రెనె జిరార్డ్ "వయలెన్స్ అండ్ ద సేక్రెడ్" 1972 కలిపి రాసుకోండి, మ్యాచింగ్‌లో పనికొస్తాయి.

కథ వచ్చాక ఆ వేసవిలో జాక్సన్‌కి 300 పైచిలుకు ఉత్తరాలొస్తే మంచిగా మాట్లాడినవి 13 అట, అవీ ఎక్కువ ఫ్రెండ్స్‌వే. కొందరైతే ఈ లాటరీలు ఎక్కడ జరుగుతాయి, వచ్చి చూడొచ్చా అని అడిగారట.

ఇక ఆ తర్వాత నేను చేసింది ఒకటే, సిలబస్‌లో గంటలోపు అయిపోయే కథలూ కవితలూ అన్నీ ఒరిజినల్‌లో చదివి ఒక్కోదానికి ఒక్క పేజీ నేనే రాసుకున్నా. నవలలకి అంత టైం లేదు, వాటికి సమ్మరీలే చదివా, దాచేదేముంది. పేపర్ వన్‌కి (అన్ని సబ్జెక్టులవాళ్ళకీ ఒకటే పేపర్) పాత పేపర్లు చేశా, నెగటివ్ మార్కులు లేవు కాబట్టి రెండు పేపర్లూ కలిపి 150 ప్రశ్నలకీ జవాబులు పెట్టేశా.

ఇంతా చేస్తే నా పేపర్లో లాటరీ మీద ఒక్క ప్రశ్న కూడా రాలేదు. ఆ పీడీఎఫ్ పంపమని ఇప్పటికే ముగ్గురు మెసేజ్ పెట్టారు, పంపను, ఏమీ అనుకోకండి.