ఫారం నింపే ముందు ఖాతా చూసుకోండి

మన శ్రీకాకుళం వైపు స్కాలర్‌షిప్ డబ్బులు ఎక్కువగా బ్యాంకు దగ్గరే చిక్కుకుంటాయి. 'ఖాతాకి ఆధార్ ఇచ్చేశాం కదా' అంటారు. అది కేవైసీ, అంటే ఖాతాదారు ఎవరో బ్యాంకుకి రుజువు చూపడం మాత్రమే. ప్రభుత్వ డబ్బు పడాలంటే ఎన్‌పీసీఐ మ్యాపింగ్, అంటే డబ్బు ఏ ఖాతాలో పడాలో ఆధార్‌కి ముడిపెట్టడం, బ్యాంకులో విడిగా చేయించాలి. అది ఒక్క ఖాతాకే ఉంటుంది, చివర లింకైన దానికే డబ్బు పోతుంది. మైఆధార్ సైట్లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ నొక్కితే ఏ బ్యాంకో కనిపిస్తుంది. చూడ్డానికి ఆధార్‌కి లింకైన ఫోన్ నంబరుకొచ్చే ఓటీపీ కావాలి. ఆ నంబరేమో గుజరాత్‌లోని వేరావల్‌కి చేపల వేటకెళ్లిన నాన్న జేబులో ఉంటుంది! ముందే ఆధార్‌లో పిల్లల నంబరు పెట్టించండి. బడిలో తెరిచిన మైనర్ ఖాతాకి 18 నిండాక మళ్లీ కేవైసీ ఇవ్వాలి, లేదంటే స్తంభిస్తుంది.

టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉంటే మళ్లీ తిప్పలే. మెమో జోలికి పోకండి, ఆధార్ మార్పించడమే తేలిక.

ఆడపిల్లలకి సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది, చాలామంది అసలు పట్టించుకోరు. బీటెక్ లేదా డిప్లొమా మొదటి ఏడాది, లేటరల్ ఎంట్రీ అయితే రెండో ఏడాది. ఏటా 50,000 రూపాయలు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు, ఇంటికి ఇద్దరి వరకు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో అప్లై చేశాక కాలేజీలో ఈ పని చూసే నోడల్ ఆఫీసర్ వెరిఫై చేశారో లేదో గడువులోపే అడగండి. చేయకపోతే ఫారం అక్కడే ఉండిపోతుంది. రెన్యువల్ ఏటా చేసుకోవాలి.