మే ఎండలకు తెగిపోని అలవాటు

జనవరి ఒకటిన మొదలుపెట్టిన నడక మే దాకా ఎందుకు రాదో కర్నూలు, అనంతపురం, కడప వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పొద్దున ఎనిమిదికే ఎండ నెత్తికెక్కుతుంది. రాత్రి తొమ్మిదైనా మిద్దె సెగ తగ్గదు. మానేసిన మనిషేమో తనకు పట్టుదల లేదని తిట్టుకుంటాడు. నిజానికి తప్పంతా లెక్కలో ఉంది. చలికాలంలో కూర్చుని, ఏడాదంతా అట్లే ఉంటుందనుకుని రాసుకున్న లెక్క అది.

అందుకే ఏడాది గురి పెట్టుకునే ముందు ఆ ఏడాదిలో మీకు అన్నిటికంటే కష్టమైన నెల ఏదో చూడండి. ఆ నెలలో ఎంత చేయగలరో అంతే మీ అలవాటు. మిగతా నెలల్లో అంతకు మించి చేస్తే సంతోషం, చేయకపోయినా గురి తప్పదు.

కిరాణా కొట్టువాళ్లు ఇచ్చే గోడ క్యాలెండర్ ఒకటి ముందు పరుచుకుని, మీ ఇంటికి కుదరని రోజులన్నీ ఎర్ర పెన్నుతో కొట్టేయండి. సంక్రాంతికి నాలుగు రోజులు. ఇంట్లో టెన్త్, ఇంటర్ పిల్లలుంటే మార్చిలో సగం. రంజాన్ నెల ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, కాబట్టి నిరుటి తేదీలు చూసి గుర్తు పెట్టకండి. ఊరి జాతర, తెలిసిన పెళ్లిళ్లు, దసరా, దీపావళి. సేద్యం ఉంటే శనక్కాయ విత్తే జూన్, జూలైలో కొన్ని రోజులు, చెట్టు పెరికే అక్టోబరు, నవంబరులో కొన్ని. ఇట్లా కొట్టేసుకుంటూ పోతే అరవై రోజులు ఇట్టే తేలతాయి. కాబట్టి ఏ గురినైనా 365తో కాకుండా 300తో లెక్కేయండి.

రోజుకు పది పేజీలు చదివితే 300 రోజులకు 3,000 పేజీలు, అంటే 250 పేజీల పుస్తకాలు పన్నెండు. కొట్టు మూసేటప్పుడు రోజూ 150 రూపాయలు వేరే డబ్బాలో వేసే ఆయనకు ఏడాదికి 45,000. అదే 365తో గుణిస్తే 54,750 వస్తుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ, సంక్రాంతి దాటేసరికే వెనకబడతారు. వెనకబడిన లెక్కను మళ్లీ తెరిచి చూడాలని ఎవరికీ మనసొప్పదు.

ఇంకో పరీక్ష కూడా పెట్టాలి: ఈ గురి నా చేతిలో ఉందా? అనంతపురంలో ఏడాది మొత్తం కలిపినా సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వాన మీదే ఆధారపడ్డ చేలో ఎకరాకు ఇన్ని బస్తాలు పండిస్తానని రాసుకుంటే ఆ మాట నిలబెట్టాల్సింది మేఘం. మే లోపు మట్టి పరీక్ష చేయించడం, విత్తే ముందు విత్తనశుద్ధి చేయడం, తొలకరికి ముందే గట్లు సరిచేయడం మాత్రం మన చేతుల్లోవే. పోటీ పరీక్షలకు చదివేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ర్యాంకు ఇంకొకరు నిర్ణయించేది. వారానికి రెండు మాక్ టెస్టుల చొప్పున 40 వారాలకు 80 టెస్టులు రాయడం మీరు నిర్ణయించేది. తప్పు పోయిన ప్రతి ప్రశ్నకూ ఒక నోటుబుక్కులో ఒక్క వాక్యం రాయండి: తెలియక తప్పిందా, తొందరలో తప్పిందా, ప్రశ్న సరిగ్గా చదవక తప్పిందా. చాలామంది టెస్టు రాసి మార్కులు చూసి వదిలేస్తారు. అసలు చదువు ఆ తప్పుల దగ్గరే ఉంది.

డబ్బు విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. నెల జీతగాళ్లకు పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ బాగా కుదురుతుంది. నెలకు కనీసం 100 రూపాయలు, ఐదేళ్ల గడువు. అయితే నాలుగు వాయిదాలు తప్పితే ఖాతా ఆగిపోతుంది, రెండు నెలల్లోపు బాకీ కట్టి తిరిగి తెరిపించుకోవాలి. స్కూలు ఫీజులు పడే జూన్‌లో ఎంత కట్టగలరో అంతకే రాయించుకోండి. మిగిలిన నెలల్లో చేతిలో ఆడే డబ్బును వేరేగా దాచుకోవచ్చు. రైతు ఇంట్లో కథ వేరు. పంట డబ్బు ఒక్కసారే వస్తుంది, ఆ తర్వాత నెలల తరబడి రాదు. అలాంటి ఇంటికి నెలవారీ పొదుపు పెడితే మూడో నెలకే ఆగుతుంది. పంట డబ్బు చేతికొచ్చిన రోజే, అప్పులవాళ్ల దగ్గరికి వెళ్లక ముందే, ముందుగా అనుకున్న పాలు బ్యాంకులో వేసేయాలి. పదో వంతయినా సరే. ఎంత వేయాలో డబ్బు రాక ముందే కాగితం మీద రాసుంటేనే ఇది జరుగుతుంది.

ఇక ఎప్పుడు మొదలుపెట్టాలి? ఉగాది రోజు దేవుని కడప వెంకన్న దర్శనానికి ముస్లింలు కూడా వచ్చే సీమ మనది. కొత్త పనికి అంతకంటే మంచి రోజు చాలామందికి తోచదు. అలాంటి రోజులకు బలం ఉన్న మాట నిజమే. కొత్త వారం, కొత్త నెల, పుట్టినరోజు లాంటి మలుపుల తర్వాత జిమ్‌కు వెళ్లేవాళ్లు పెరుగుతారని అమెరికా పరిశోధకులు 2014లో చూపించారు. కానీ మొదలుపెట్టడానికి పనికొచ్చే రోజు నిలబెట్టుకోవడానికి పనికిరాకపోవచ్చు. 21 రోజులు చేస్తే అలవాటైపోతుందని తరచూ వింటుంటాం. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని 12 వారాలు గమనించి 2010లో ప్రచురించిన లెక్క ప్రకారం, పని దానంతటదే జరిగిపోయే స్థాయికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంటుందని లెక్కగట్టారు (12 వారాలు దాటిన రోజులు అంచనా మాత్రమే). తిండి, నీళ్ల అలవాట్లకు పట్టినదానికి సుమారు ఒకటిన్నర రెట్లు వ్యాయామం అలవాటుకు పట్టింది.

ఈ 66ను మన క్యాలెండర్ మీద పెట్టి చూడండి. 2026లో ఉగాది మార్చి 19. ఆ రోజు నడక మొదలుపెడితే 66వ రోజు మే 23న వస్తుంది. అంటే అలవాటు కుదురుకోవాల్సిన రోజులన్నీ నిండు ఎండాకాలంలోనే పడతాయి. అదే నవంబరు ఒకటిన మొదలుపెడితే జనవరి 5కు పూర్తవుతుంది, ఆపైన ఇంకో నెల చల్లటి రోజులు మిగులుతాయి. కాబట్టి ఉగాదికి ఇంట్లో కూర్చుని చేసేవి మొదలుపెట్టండి: చదువు, ఖర్చుల లెక్క, పాట సాధన, చేతిరాత. బయట చేసేవాటిని దసరా, దీపావళి తర్వాతకి ఉంచండి. చేలో పదును చూసుకుని విత్తినట్టే ఇది కూడా.

వారానికి 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అరగంట చొప్పున ఐదు రోజులు. ఏప్రిల్, మే నెలల్లో ఐదుంపావుకు బయల్దేరి ఆరుకల్లా ఇంటికొచ్చేయాలి. అలా లేవడం కుదరనివాళ్లు ఆ రెండు నెలలు బయటి నడక మానేసి, ఇంట్లోనే ఫ్యాన్ కింద గుంజీళ్లు, గోడకు చేతులానించి చేసే దండీలు పదేసి చొప్పున మూడు విడతలు చేయండి. టైము మాత్రం మార్చకండి. ఏం చేస్తామన్నది మారినా ఎప్పుడు చేస్తామన్నది నిలిస్తే జూలైలో మళ్లీ రోడ్డెక్కడం సులువు.

ఆ 'ఎప్పుడు' అన్నదాన్ని ఎంత కచ్చితంగా రాసుకుంటే అంత మంచిది. ఎప్పుడు, ఎక్కడ చేస్తామో ముందే తేల్చుకున్నవాళ్లు పని పూర్తి చేసే అవకాశం ఎక్కువని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1990ల నుంచి చూపిస్తూ వచ్చారు. 'పొద్దున చదువుతాను' అని రాస్తే చాలదు. 'టీ తాగాక' అన్నా చాలదు, ఎందుకంటే టీ తాగడం పేపరు మీదుగా, ఫోను మీదుగా ముప్పావుగంట సాగుతుంది. 'ఖాళీ గ్లాసు సింకులో పెట్టగానే వంటింటి కిటికీ పక్కనున్న కుర్చీలో కూర్చుని పుస్తకం తెరుస్తాను' అని రాయండి. గ్లాసు సింకుకు తగిలిన చప్పుడు వినబడుతుంది, ఆ పని అక్కడితో అయిపోతుంది. కుర్చీలో పుస్తకం రాత్రే పెట్టి ఉండాలి, నిన్న ఆపిన పేజీలో పెన్సిల్ ఉండాలి. ఫోను ఛార్జింగు హాల్లో. కుళాయి నీళ్లు వచ్చే టైముకో, బస్సు టైముకో అలవాటును ముడిపెట్టకండి. అవి మీ మాట వినవు.

చదివేవాళ్లకు ఇంకో చిట్కా. కొన్న పుస్తకం ఆరు నెలలు అరలో పడుంటుంది, జిల్లా గ్రంథాలయం నుంచి తెచ్చినదానికి తిరిగివ్వాల్సిన తేదీ ఉంటుంది. ఆ తేదీయే మిమ్మల్ని తొందరపెడుతుంది.

మానాల్సిన అలవాటైతే ఆ టైములో చేతికి, నోటికి ఇంకొకటి ఇవ్వాలి. సాయంత్రం నాలుగున్నరకు టీతో మిరపకాయ బజ్జీలు మానాలనుకునేవాళ్లు ఊరికే టీతో సరిపెట్టుకుంటే నాలుగో రోజుకు బజ్జీల బండి దగ్గరే ఉంటారు. ఒక గుప్పెడు ఉడకబెట్టిన శనక్కాయలు డబ్బాలో తీసుకెళ్లండి. ఆదివారం ఉగ్గాని దగ్గర రెండు బజ్జీలు తినండి, అదేం తప్పు కాదు.

చేసిన రోజు అదే గోడ క్యాలెండర్ మీద ఒక టిక్కు. ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోదని పైన చెప్పిన లండన్ పరిశోధనలోనూ తేలింది. చెడేది మరుసటి రోజు రెండింతలు చేయబోవడం వల్ల. ఇరవై పేజీలు చదవాలంటే కూర్చోబుద్ధి కాదు, రెండో రోజూ పోతుంది. తప్పిన రోజును వదిలేసి మామూలు పది పేజీలే చదవండి. చుట్టాలొచ్చిన రోజు, తిరుపతి ప్రయాణం రోజు ఒక్క పేజీ చదివినా టిక్కు పెట్టొచ్చు. వరుసగా రెండు వారాలు, వారానికి నాలుగు టిక్కులు దాటకపోతే అలవాటును సగానికి తగ్గించండి, చోటూ టైమూ అవే ఉంచండి. తగ్గించాక కూడా మరో రెండు వారాలు అట్లే ఉంటే అప్పుడు టైము మార్చండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఏకకాలంలో రెండు అలవాట్ల కంటే ఎక్కువ వద్దు. మూడోది, మొదటిది గుర్తు చేసుకోకుండానే జరిగిపోతున్నప్పుడు. మూడు నెలలకోసారి కూర్చుని ప్రతి గురినీ చూడండి. ఇంకా కావాలనే అనిపిస్తోందా, లేక రాసుకున్నాం కాబట్టి లాగుతున్నామా? రెండోదైతే ఆ పేజీ మీద అడ్డంగా గీత గీసి, తేదీ వేసి, ఆ టైమును మిగిలిన గురికి ఇచ్చేయండి.