ఒకే తాను గుడ్డ

గెటిస్‌బర్గ్‌లో ఫైర్ స్టేషన్ పక్కన ఓ సైనికుడి స్మారకం ముందు నిలబడి, ఫోన్‌లో ఫొటో జూమ్ చేసి చూస్తున్నా. ముగ్గురు పిల్లలు. పెద్దాడి చొక్కా, చెల్లి గౌను ఒకే తాను గుడ్డ. మా అమ్మా పండక్కి నాకూ చెల్లికీ అలాగే కుట్టించేది.

అమెరికా అంతర్యుద్ధంలో, 1863 జులైలో ఇక్కడ చనిపోయిన సార్జెంట్ ఏమస్ హమిస్టన్ చేతిలో దొరికిన ఫొటో ఇది. సొంతూళ్లో గుర్రాల జీను సామాను కుట్టుకునే మనిషి. దొరికినప్పుడు ఆయనెవరో తెలిపే పేరు కూడా ఒంటి మీద లేదు.

అప్పటి పేపర్లలో ఫొటో అచ్చేసే వీల్లేదు. అందుకే, ఆయనెవరో తెలుసుకోడానికి, ఫొటోలో పిల్లలు ఎలా ఉన్నారో రాశారు, ఈ చొక్కా సంగతితో సహా. ఎక్కడో న్యూయార్క్ రాష్ట్రంలో, పోర్ట్‌విల్‌లో, భార్య ఫిలిండాకి ఆ వర్ణన చేరింది. ఆ ఫొటో ఆయనకి పంపింది తనే మరి.

చొక్కా మాట దగ్గర ఆవిడకి ఎలా ఉండుంటుందో...

కారులోంచి పాప హారన్ కొడుతోంది, ఆకలట.